సైకిలు పుల్ల

గ్రీమ్స్‌పేట నర్సు జయశీలమ్మ, రిటైరై పదేండ్లు,
ఆటోలో పడుకోబెట్టి తెచ్చింది దాన్ని,
నడుం విరిగిన మనిషిని తెచ్చినట్టు
తల కింద దుప్పటి మడత పెట్టి.

ఆస్పత్రి వేలంలో కొన్నదంట.
నాలుగు కాళ్ల మీద గుండ్రటి తొట్టి,
నెత్తిన గుడ్డలు పిండే రెండు రబ్బరు రోలర్లు.
కంపెనీ పేరు అరిగిపోయి
చివరి రెండక్షరాలే మిగిలినాయి.
"మోటారు తిరగతానే ఉండాది అబ్బయ్యా,
లోపల గుడ్డలే కదల్లేదు" అనింది.
కొత్తది కొనుక్కోండి అని రోజుకు నాలుగుసార్లు అంటా.
ఆయమ్మ చూసిన చూపుకు
ఆ మాట గొంతులోనే నిలిచిపోయింది.

బోర్లించి విప్పితే
పన్నెండు బోల్టుల్లో పదకొండు వచ్చినాయి.
పన్నెండోదానికి కిరసనాయిలు తాపి
రాత్రంతా మొండికెయ్యనిచ్చినా.

పొద్దున గేరుపెట్టె మూత లేస్తే
లోపల ఉండేది ఆయిలు కాదు,
గానుగ కాడ మరిచిపోయిన పెనంలో
అడుగంటిన బెల్లం పాకం.
గరిటెతో గీకి, వేళ్లతో తోడినా.
ఇత్తడి బుష్షు, అరిగి కోడిగుడ్డయింది.
చేటంత సగం చక్రం, అంచున పండ్లు,
రెండు ఊడినాయి.
పాలపండ్లా, మళ్లీ మొలిచేదానికి?

మోటారుకు ఒక దిక్కే తెలుసు.
నిలిపేదాకా ఆ దిక్కుకే పోతాది.
మురికికి అది చాలదు.
సగం దూరం పోవాల, ఆగాల,
వచ్చిన దోవనే వెనక్కి రావాల.
ఆ వెనక్కి రావడం నేర్పేది ఈ సగం చక్రమే.
నీవా ఏట్లో బండ మీద మా మేనత్త చేతులు
ఇదే పని చేసేటివి,
ఏట్లో నీళ్లుండే కాలంలో.

చక్రానికీ కడ్డీకీ ముడి పడే చోట
ఉక్కు పిన్ను ఉండాల.
లేదు.
రెండు మెలికలు తిప్పిన సైకిలు పుల్ల ఉండాది,
కొన పట్టకారతో ఎడమకు వంచి.
నాకంటే ముందు నా ఎడమ చెయ్యి గుర్తుపట్టింది.

తొంభై ఆరో, ఏడో.
ఆస్పత్రి లాండ్రీ గది, ఆవిరి, ఫినాయిలు వాసన.
జేబులో ఫస్టు షో టిక్కెట్టు.
పిన్ను కావాలంటే వేలూరికి పోవాల.
పోలేదు.
గోడకు ఆనించిన ఎవరిదో సైకిల్లోంచి
ఒక పుల్ల లాగినా.
బిల్లులో మాత్రం రాసినా:
పిన్ను, ముప్పై రూపాయలు.

ఆ పుల్ల ఇన్నేండ్లు మోసింది.
పండ్లు ఊడిందీ ఆ పుల్ల వల్లే.
రెండూ నిజమే.
ఆ పూట అన్నం దిగలేదంటే అబద్ధం, తిన్నా,
చేతికి అంటిన నలుపుతోనే.

మురకంబట్టులో లేతు వేలాయుధం
బుష్షు మూడుసార్లు కోసినాడు.
మొదటిది బిగువు, రెండోది వదులు,
మూడోది నా మొగం చూడకుండా చేతిలో పెట్టినాడు.
ఊడిన పండ్ల చోట ఇత్తడి పోసి
ఆకురాయితో అరగదీసినా,
నడుమ పెట్టిన కాగితం మీద
అచ్చు సమంగా పడేదాకా.
గ్యాస్కెట్టుకు పాత క్యాలెండరు అట్ట కత్తిరించినా,
ఒక ఆగస్టు నెల లోపలుండిపోయింది.
పిన్ను కోసం వేలూరి బస్సెక్కినా.
ముప్పై ఏండ్లు ఆలస్యం. సీటు కూడా దొరకలేదు.

తొంభై నంబరు ఆయిలు పోసి,
తొట్టిలో నీళ్లు, నా బనీను వేసి, స్విచ్చి.
ఒకసారి మూలిగింది.
బనీను సగం పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి,
వెనక్కి వచ్చింది.

"అప్పట్లో చేసినోడెవరో గట్టోడే,
ఇన్నాళ్లు నిలిచింది" అనింది జయశీలమ్మ.
నేను నీళ్లనే చూస్తా ఉండా.

బుష్షు, ఆయిలు, లేతు కూలి.
పిన్ను అని రాసి, ఎదురుగా ఏమీ వెయ్యలేదు.
మందుచీటీలు చదివిన కండ్లు గదా,
అక్కడే ఆగినాయి. "ఇదేమబ్బయ్యా?"
"ముందే ఇచ్చుండారమ్మా" అంటి.

ఈసారి ఆటోలో నిలబెట్టుకోని పోయింది.

పుల్ల పారెయ్యలేదు.
టీపొడి డబ్బా మూత బిగుసుకుంటే
దాంతోనే లేపతా ఉండా.